చెల్లెలి దాహం

పొద్దున్నే వంటింట్లో బిందెలన్నీ నింపి, భార్య చేతికందేలా గ్లాసు పెట్టాకే అతను ఆఫీసుకి బయలుదేరేవాడు. నది చివర్న, ఆమె పుట్టింటి పొలంలో పైరుకి దప్పికైతే ఇక్కడ ఆమె గొంతు ఎండేది. చిన్నప్పటి నుంచీ అంతే. అక్కడ తడి అందిందంటే ఆమె గొంతు చల్లబడేది, పనిలో పడిపోయేది. "సేద్యం నాది, దాహం మా చెల్లిది. ఆలోచించుకో బావా" అని వాళ్లన్నయ్య పెళ్లికి ముందే చెప్పాడు. కుళాయి దగ్గర పక్కింటావిడ ఈమె బిందెల్ని ముందు పట్టుకోనిచ్చేది.

అతనిది నీటిపారుదల ఆఫీసులో పటాలు గీసే పని. ఏటికేడు ముదురుతున్న ఎండ, తేమలేని గాలి, మొహం చాటేసిన వానలు, వీటన్నిటినీ లెక్కగట్టి నది పొడవునా ఏ పైరుకి ఎంత నీరు కావాలో రంగుల్లో చూపించాలి. ఒకప్పుడు సరిపోయిన నీళ్లు అదే వరికి ఇప్పుడు చాలడం లేదు. పైనుంచి కిందికి రంగు చిక్కబడుతూ వచ్చి, చివరి కాలువ దగ్గర ఎరుపు వెయ్యాలని లెక్క తేలింది. ఎరుపు పడ్డ చోటికి ఈసారి నీళ్లు వదలరు.

ఆమె పుట్టింటి పొలమున్న ఆ చివరి ముక్కకి రంగు వెయ్యకుండా ఇంటికొచ్చేశాడు. అన్నం తింటూ భార్యకి చెప్పాడు.

"లెక్కలో తప్పుందా?" అందామె.

"లేదు. మళ్లీ మళ్లీ చూశాను."

"మరింకేంటండీ? మనవాళ్లకి వదిలితే పైవాళ్లవి ఎండుతాయి. వాళ్లకీ చెల్లెళ్లుంటారు."

మర్నాడు రంగు వేశాడు.

సంగతి తెలిసి అన్నయ్య ఫోన్ చేశాడు. కోప్పడలేదు.

"బావా, ఆ పటంలో నా పొలం ఎంతుంటుంది?"

"గోరంత."

"అంతదానికి ఇంత గొడవా!" అని నవ్వేశాడు. "మొన్నటి జల్లుకి విత్తనం వేసేశాను. ఒక్క మంచి వాన పడితే గట్టెక్కేస్తాలే."

వాన పడలేదు. పైరు మోకాలెత్తు లేచేసరికి ఆమె నీళ్లు తాగడం తప్ప ఇంకో పని చెయ్యలేకపోయింది. పెదాలు పగిలాయి. డాక్టరు నాలుక చూసి, "పొలానికి తడి పెట్టించండి" అన్నాడు, మందేం రాయలేదు. అతను ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాడు. ఇంజనీరు మంచివాడే. అతను గీసిన పటాన్నే బల్ల మీద పరిచి, "ఎవరికి తగ్గించమంటారో మీరే చూపించండి" అన్నాడు. అతను చాలాసేపు చూశాడు. వేలు పెట్టలేక లేచి వచ్చేశాడు.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఫోన్లో బాగానే ఉన్నానన్నావు కదే!"

"బాగానే ఉన్నానన్నయ్యా."

గ్లాసు ఎత్తలేకపోయింది. అన్నయ్య పక్కన కూర్చుని పట్టి తాగించాడు.

"ఇంకా?"

"ఇంకా."

బిందె అడుగంటేదాకా తాగించాడు. ఆ తర్వాత ఆమె తల నిమిరి, "పనుందమ్మా" అని లేచాడు. భోజనం చేసి వెళ్లమన్నా వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం, సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న భర్త నీళ్లు పోస్తుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ."

"అక్కడ వాన పడిందేమో!" అతని మొహం వెలిగింది.

ఆమె తల అడ్డంగా ఊపింది. చల్లదనం లేదు. దాహమూ లేదు. ఇన్నేళ్లుగా లోపల నీళ్లడుగుతున్నది ఏదో ఒక్కసారిగా అడగడం మానేసినట్టుంది. ఫోన్ తీసుకుని అన్నయ్యకి కలిపింది. అవతల ట్రాక్టరు చప్పుడు.

"ఏం చేశావన్నయ్యా?"

"దున్నేశాను."

"ఎండిపోయిందనే కదా దున్నావు? చెప్పు, పూర్తిగా ఎండిపోయిందనే కదా?"

ట్రాక్టరు ఆగింది.

"పచ్చగానే ఉందమ్మా," అన్నాడు.