గడప రంగు

మంగళవారం ఉదయం పదకొండు దాటాక, జిగణిలోని ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి చదివే నేత్రావతి డ్రాయింగ్ క్లాసులో రంగునీళ్లు మింగింది. ఆ పిల్లకు ఎనిమిదేళ్లు.

డ్రాయింగ్ టీచర్ గ్రేస్‌ది ఒంగోలు. పిల్లల చేత నెలకొక ప్రాజెక్టు చేయించేది. జూన్‌లో వాన్ గో పొద్దుతిరుగుడు పూలు వేయించింది. జులైలో వార్లీ బొమ్మలు. ఆగస్టుకు గుహల్లో దొరికిన చేతి గుర్తులు ఎంచుకుంది. వేల ఏళ్ల కిందటి మనుషులు రాతికి చెయ్యి ఆనించి, నోటితో దాని చుట్టూ రంగు ఊదేవారు. చెయ్యి తీశాక దాని ఆకారం ఖాళీగా మిగిలేది.

ఆ మనుషులు రంగులు కొనలేదు కాబట్టి మీరూ కొనొద్దని గ్రేస్ సోమవారం క్లాసులో చెప్పింది. పసుపు, కాఫీపొడి, గడప దగ్గర పూసే ఎర్రమన్ను, ఇంట్లో ఏది ఉంటే అది తెమ్మంది. నోటికి తగిలినా ఏమీ కానివే చెప్పానని ఆమె తర్వాత పోలీసులతో అంది.

మంగళవారం క్లాసులో ముందు తనే పసుపునీళ్లతో ఊది చూపించింది. స్ట్రా ముంచాలి, పైకొసను వేలితో మూయాలి, ఎత్తి కాగితం దగ్గర పెట్టి, వేలు తీసి ఊదాలి. పీల్చకూడదు.

"టీచర్, వీడు నా మొగం మీద ఊదతా ఉండాడు!"

"నీ మొగం గుహ మాదిరే ఉండాది కదా, అందుకే."

"గొడవ చేస్తే ఇద్దర్నీ గుహలోనే కూర్చోబెడతాను" అంది గ్రేస్.

పిల్లలు తెచ్చినవాటిని గ్లాసుల్లో నీళ్లతో కలిపారు. మిగతా గ్లాసుల్లో పొడి అడుక్కు దిగింది. నేత్రావతి గ్లాసులో ఏమీ దిగలేదు. నీళ్లు నారింజ రంగులో తేటగా ఉన్నాయి. గ్రేస్ ఆ గ్లాసు ఎత్తి అందరికీ చూపించింది.

"చూడండ్రా, ఎంత బాగా కలిసిందో! ఎక్కడిదమ్మా ఈ మన్ను?"

"మా నాయన తెచ్చినాడు టీచర్. వానొచ్చినా పోదు."

నేత్రావతి ఎడమచెయ్యి కాగితం మీద పెట్టి నాలుగైదుసార్లు ఊదింది. స్ట్రాలోకి రంగు చాలినంత ఎక్కడం లేదని గ్లాసులో పెట్టి పీల్చింది. గుక్కెడు నోట్లోకి వచ్చింది. పక్క పిల్ల నవ్వింది. నేత్రావతి మింగేసింది. కాసేపటికి బెంచీ మీదే వాంతి చేసుకుంది.

గ్రేస్ ఆ పిల్లను ఆటోలో చందాపురలోని ఆస్పత్రికి తీసుకెళ్లింది. హెడ్‌మాస్టరు క్లాసు కడిగించాడు. స్కూలు ఆయమ్మ గ్లాసులన్నీ తోమి బోర్లించింది.

నేత్రావతి తండ్రి ఓబులేష్, తల్లి మునిలక్ష్మి మడకశిర వైపు నుంచి పని కోసం రాష్ట్రం దాటి వచ్చినవాళ్లు. మునిలక్ష్మి గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది. ఓబులేష్ పనిచేసే యూనిట్‌లో నట్లకూ బోల్టులకూ తుప్పు పట్టకుండా పూత వేస్తారు. ఆఖరి తొట్టిలో నారింజ రంగు పొడి కలుపుతారు. దాని పేరు సోడియం డైక్రోమేట్. అది విషం.

వాళ్లుండే వరుస గదుల్లో ఎక్కువమంది అదే యూనిట్ పనివాళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు ఆడవాళ్లు గడప కింద ఎర్రమన్ను పూసి ముగ్గు వేసేవారు. ఇక్కడ ఆ మన్ను దొరకదు. నాలుగేళ్ల కిందట ఎవరో తొట్టి దగ్గరి పొడి ఇంటికి తెచ్చి, బంక కలిపి గడప అంచుకు పూశారు. ఎండ తగిలాక అది ఎర్రమన్ను రంగుకు తిరిగింది. వానకు పోలేదు. తర్వాత అందరూ తెచ్చుకున్నారు. ఆడవాళ్లు దాన్ని కంపెనీ మన్ను అనేవారు. సోమవారం సాయంత్రం మునిలక్ష్మి దాన్నే రెండు చెంచాలు కవర్లో కట్టి కూతురికి ఇచ్చింది.

స్కూలు నుంచి కబురు అందాక, ఆస్పత్రికి వస్తూ ఓబులేష్ దారిలో సూపర్‌వైజర్ మోహన్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. ఆ మాటలు ఓబులేష్ వాంగ్మూలంలో ఇలా ఉన్నాయి.

"సార్, పాప మన రంగుపొడి మింగి కక్కుకుందంట. డాక్టరుకు ఏం చెప్పేది?"

"ఎర్రమన్ను అను. యూనిట్ పేరు ఎత్తినావంటే ముందు నీ మీదే దొంగతనం కేసు. ఆమీట యూనిట్ మూస్తారు. అందురూ బయట పడతారు. కక్కేసింది కదప్పా, ఇంకేం? మనం దినామూ చేత్తో ఎత్తతాం, మనకేమైనా అయిందా?"

డ్యూటీలో ఉన్న డాక్టర్ ఫాతిమా సొంతూరు చింతామణి. తెలుగు మాట్లాడుతుంది. ఏం మింగిందని అడిగింది.

"గడపకు పూసే మన్ను మేడం" అంది మునిలక్ష్మి. అది విషమని ఆమెకు తెలియదు.

"యాడ కొన్నారు?"

ఓబులేష్ "ఊరి నుంచి తెచ్చినాము" అన్నాడు. మునిలక్ష్మి అతని వైపు చూసింది.

వాంతులకు మందిచ్చి సెలైన్ పెట్టారు. మధ్యాహ్నం రెండు గంటలకు పిల్ల నిద్రపోయింది. తగ్గిందని ఓబులేష్ అనుకున్నాడు. మూడు తర్వాత కడుపునొప్పితో లేచింది. విరేచనంలో రక్తం పడింది. మూత్రం రాలేదు. మన్ను తింటే ఇలా కాదని ఫాతిమా మళ్లీ అడిగింది. ఓబులేష్ మన్నే అన్నాడు.

గ్రేస్ స్కూలుకు వెళ్లి గ్లాసు కోసం వెతికింది. దొరకలేదు. ఆరబెట్టిన కాగితాల్లోంచి నేత్రావతిది తీసుకుని తిరిగొచ్చింది. ఫాతిమా తడి దూదితో ఆ కాగితాన్ని రుద్దింది. దూదికి నారింజ రంగు అంటింది. మన్ను నలుసు ఒక్కటీ అంటలేదు. ఆమె ఓబులేష్ చేతుల వైపు చూసింది. గోళ్ల చుట్టూ అదే రంగు. వేళ్ల మీద గుంటలు పడిన పుండ్లు.

"ఆ పుండ్లేంది?"

"సిమెంటు మేడం. సిమెంటు పనిలో..."

"సిమెంటు పని ఎప్పుడు చేసినావప్పా నువ్వు?" అంది మునిలక్ష్మి.

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అడగతా ఉండాను కదా. ఎప్పుడు చేసినావు? ఆ మన్ను నువ్వు కంపెనీ నుంచి తెచ్చిందే కదా? ఊరి నుంచి అని ఏల చెప్పినావు?"

"మోహన్‌కుమార్ సారు..."

"వాడా కన్నది దాన్ని?"

గ్రేస్ అతని దగ్గరికి వెళ్లింది. "అన్నా, దాని పేరేంటో చెప్పండి చాలు. కేసులూ గీసులూ తర్వాత చూసుకుందాం. పేరు చెప్పండి."

ఓబులేష్ పేరు చెప్పాడు. డబ్బా మీద ఉండే పుర్రె బొమ్మ గురించీ చెప్పాడు. అప్పటికి సాయంత్రం ఐదు దాటింది.

ఆ ఆస్పత్రిలో పిల్లలకు డయాలసిస్ లేదు. ఫాతిమా రక్తనాళంలోకి విటమిన్ సి ఎక్కించి, నగరంలోని పెద్దాస్పత్రికి ఫోన్ చేసింది. ఆ మందు మొదటి రెండు గంటల్లో ఇస్తే పనిచేసే అవకాశం ఎక్కువని ఆమె పోలీసులకు చెప్పింది. మధ్యాహ్నం ఇచ్చి ఉంటే బతికేదా అన్న ప్రశ్నకు, చెప్పలేనంది. అంబులెన్సు బొమ్మసంద్ర దగ్గర ట్రాఫిక్‌లో ఆగింది. దారిలో నేత్రావతి ఒకసారి కళ్లు తెరిచింది. తన కాగితం గోడకు అంటించారా అని తల్లిని అడిగింది. అంటించారని మునిలక్ష్మి చెప్పింది.

నేత్రావతి గురువారం ఉదయం చనిపోయింది. మూత్రపిండాలూ కాలేయమూ పనిచేయడం ఆగిపోయాయని ఆస్పత్రి నివేదికలో ఉంది.

పోలీసులు మోహన్‌కుమార్‌ను శుక్రవారం అరెస్టు చేశారు. యూనిట్‌కు తాళం వేశారు. స్కూలు గ్రేస్‌ను తొలగించింది. కేసులో రెండో నిందితుడు ఓబులేష్. అంత్యక్రియలు అయ్యాక అతనే స్టేషన్‌కు వెళ్లాడు. మునిలక్ష్మిని ఆమె అన్న మడకశిరకు తీసుకెళ్లాడు. ఎడమచెయ్యి గుర్తున్న కాగితాన్ని ఫోరెన్సిక్ ల్యాబుకు పంపారు.

ఆదివారం వరుస గదుల ఆడవాళ్లు చేతులకు కవర్లు కట్టుకుని గడపలు తోమారు. రంగు పోలేదు. సోమవారం ఇంటి యజమానురాలు నాగమ్మ మేస్త్రీని పిలిపించి గడపల అంచులు చెక్కించింది. ఓబులేష్ గది గడపను మాత్రం సాక్ష్యంగా ఉంచాలని పోలీసులు చెప్పారు. మేస్త్రీ దాన్ని వదిలేసి పక్క గదికి వెళ్లాడు.