నాలుగో గడి

ఓడ రేవుకొచ్చిన రోజు గైడమ్మకి చేతినిండా పనే. పదకొండు గుర్రాలకి మేత వెయ్యాలి, నీళ్ళు పెట్టాలి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్ళు పుల్లతో పీకాలి, జీన్లు బిగించాలి. ఎనిమిదింటికల్లా వ్యాన్ వచ్చి ఓడవాళ్ళని దింపుతుంది. టోపీలు, కెమెరాలు, మొహాన సున్నం కొట్టినట్టు క్రీము. వాళ్ళని గుర్రాలెక్కించి, అడవి దారిన తీసుకెళ్ళి, వాగు దాటించి, జలపాతం చూపించి, మూడింటికల్లా మళ్ళీ వ్యాన్ దగ్గర అప్పజెప్పాలి. నాలుగింటికి ఓడ కదుల్తుంది. ఓడకి చుట్టరికాలుండవు, ఎవరి కోసమూ ఆగదు.

ఎక్కేముందు అందరూ ఒక ఫారం నింపాలి. నాలుగే గడులు. పేరు, వయసు, బరువు. నాలుగోది, ఈ మధ్య మీవాళ్ళెవరైనా పోయారా అని. బస్సులో సామాను బరువు చెప్పినట్టే అందరూ రాసిచ్చేస్తారు. ఎవరికి ఏ గుర్రమో గైడమ్మ ఆ నాలుగో గడి చూసే తేల్చేది. ఒంటి బరువుదేముంది, గుర్రం మోసేస్తుంది. లోపలి బరువుతోనే చిక్కు. క్రితం నెల ఒక ముసలావిడ వచ్చింది. పిట్టంత మనిషి. భర్త పోయి పది రోజులు. ఆవిడెక్కితే బండి లాగే గుర్రానికి కూడా కాళ్ళు వణికాయి. ఆ వెనకే నూట పాతిక కిలోల కుర్రాడెక్కితే, వాడి గుర్రం ఈగ వాలిందనుకుని తోక ఊపింది.

ఆ పొద్దున గైడమ్మ ముసలమ్మకి జీను బిగిస్తోంది. ముసలమ్మ అంటే ఆవిడెక్కే ఆడగుర్రం. మరిది లాయం గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. అన్న పోయాక గుర్రాల యాపారం అతనే చూస్తున్నాడు.

"వదినా, రేపు పొద్దున లారీ వస్తుంది."

"మేతకా?"

"ముసలమ్మకి."

గైడమ్మ జీను పటకా ఇంకో చిల్లు బిగించింది. "ఎక్కడికి?"

"ఎక్కడికంటావేంటి. తోళ్ళ ఫ్యాక్టరీకి. దాని వీపు చూడు, ఊయల కట్టినట్టుంది. జీను కింద నా చెయ్యి దూరిపోతోంది. అలాంటి గుర్రం కనబడితే ఓడవాళ్ళు ఫొటో తీసి కంపెనీకి పెడతారు. పని పోద్ది."

"దానికి పద్నాలుగేళ్ళే. మీ అన్నయ్యే కదా దానికి మొదటి నాడాలు కొట్టింది."

"అదే నాకూ అర్థం కాదు. ఆరేళ్ళ నుంచీ దాన్ని నువ్వు తప్ప ఎవరూ ఎక్కలేదు. నువ్వేమో యాభై కిలోలు లేవు." అతను కాఫీ వైపు చూసుకున్నాడు. "లోపల ఏమైనా..."

"నాకేం బరువు అబ్బాయ్? మీ అన్న పోయిన మర్నాడే గుర్రమెక్కిన దాన్ని."

అది నిజమే. ఆరేళ్ళ కింద ఆయన ఇదే లాయంలో, చేతిలో సుత్తి ఉండగానే కూలబడిపోయాడు. ఆ టైముకి గైడమ్మ పది మందితో జలపాతం దగ్గరుంది. తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు జనం. చూడగానే తెలిసిపోయింది. అయినా ముందు ఓడవాళ్ళని దింపి వ్యానెక్కించింది. జీన్లు విప్పింది. గుర్రాలు చెమటతో ఉన్నాయి, వాటికి నీళ్ళు పెట్టింది. అప్పుడు లోపలికెళ్ళింది. మర్నాడు ఇంకో ఓడ. ముసలమ్మనెక్కి వెళ్ళింది. వీధిలో అందరూ రాతిగుండె అన్నారు. రాయైతే మంచిదేగా, అన్నం అడగదు అనుకుంది ఆవిడ.

వ్యాన్ వచ్చింది. పది మంది దిగారు. అందులో బొజ్జాయన ఒకడు, దిగడానికే ఇద్దరు సాయం పట్టారు.

"నాకు ఏనుగుందా అమ్మా?" అన్నాడు.

గైడమ్మ ఆయన ఫారం చూసింది. "మీకు గుర్రమే ఎక్కువండి. మీలో బరువే లేదు."

"మా ఆవిడా అదే అంటుంది. ముఖ్యంగా తల్లో అంటుంది."

ఆఖర్న దిగినామె టికెట్టు కొనుక్కున్న మనిషి కాదు. ఓడలో లాండ్రీలో పనిచేస్తుంది. ఎవరో రాకపోతే ఖాళీ ఉందని పంపారు. ఎనిమిది నెలల్లో ఆమెకి ఇదే మొదటి సెలవు. ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా ఉంది. ఆవిరికి చేతులు మోచేతుల దాకా కమిలి ఎర్రగా ఉన్నాయి. దగ్గరికొస్తే గంజి వాసన. ఫారంలో నాలుగో గడి దగ్గర కొంచెం ఆగి, ఎవరూ లేరు అని రాసింది.

గైడమ్మ ఆమెని తుర్రు మీద ఎక్కించింది. తుర్రు అన్నిట్లోకీ చిన్న గుర్రం, పిల్లలకిచ్చేది. ఆమె ఎక్కగానే అది ఒకసారి కిందికి కుంగి మళ్ళీ నిలబడింది. పొగరు పనులు దానికి అలవాటే. గైడమ్మ పట్టించుకోలేదు. ఆ రోజు ఆవిడ బుర్ర నిండా లారీయే ఉంది.

వరస కదిలింది. ముందు ముసలమ్మ మీద గైడమ్మ, ఆఖర్న తుర్రు. రాత్రి వాన పడింది. అరిటాకుల మీంచి నీళ్ళు మెడల మీద పడుతుంటే ఓడవాళ్ళు కిచకిచ నవ్వుతున్నారు. ఇంకో రోజైతే గైడమ్మ చెప్పేది, ఇది ఫలానా చెట్టు, అది ఫలానా పిట్ట అని. ఆ రోజు నోరు లేవలేదు. చేత్తో ముసలమ్మ మెడ రాస్తూ కూర్చుంది. అది మామూలుగానే నడుస్తోంది, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు.

వాగు దగ్గర ఒక్కొక్కరినీ దాటించింది. తొమ్మిది గుర్రాలు అవతలికి చేరాయి. తుర్రు ఇంకా వెనకే ఉంది. గైడమ్మ ఇవతలి గట్టుకొచ్చి చూస్తే బురదలో దాని డెక్కల గుర్తులు జానెడేసి లోతున్నాయి. నీళ్ళలో రెండడుగులేసి తుర్రు ముందు కాళ్ళ మీద కూలబడింది. ఆమె జూలు పట్టుకుని వేలాడింది.

గైడమ్మ దూకి కళ్ళెం పట్టుకుంది. "అమ్మాయ్, ఫారంలో అబద్ధం రాశావా?"

"లేదక్కా."

"గుర్రానికి అబద్ధం చెప్పడం రాదు. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు." ఆమె నీళ్ళకేసి చూస్తూ అంది. "నేను చూళ్ళేదక్కా."

"ఏం చూళ్ళేదు?"

"ఓడ నడిసముద్రంలో ఉన్నప్పుడు ఫోనొచ్చింది. మా పాపకి జ్వరమని పొద్దున చెప్పారు. సాయంత్రం మళ్ళీ చేశారు. ఒడ్డు రావడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందన్నారు. ఆ పూట నా వంతు మూడొందల దుప్పట్లున్నాయి. ఇస్త్రీ చేశాను. చెయ్యకపోతే జనం దేని మీద పడుకుంటారు? ఒడ్డొచ్చేసరికి అంతా అయిపోయిందన్నారు. ఆరేళ్ళది. నేను కళ్ళతో చూడందాన్ని పోయిందని ఎట్లా రాస్తానక్కా?"

ఓదార్చడం గైడమ్మకి చేతకాదు. ఆమె నడుం పట్టుకుని దింపింది, ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. "దీన్నెక్కు. ఇది పడదు."

ముసలమ్మ ఆమెని ఎక్కించుకుని వాగులోకి దిగింది. నీళ్ళు పొట్టకి తగిలాయి. ఆలోచించి ఒక అడుగు, ఆలోచించి ఇంకో అడుగు. అవతలికెక్కి ఒళ్ళు దులుపుకుంది.

తుర్రుని కూడా దాటించాలి కదా అని గైడమ్మ దాని మీదెక్కింది. యాభై కిలోల మనిషి. రికాబులో రెండో కాలు పెట్టిందో లేదో తుర్రు మళ్ళీ కూలబడింది. ఈసారి నాలుగు కాళ్ళూ మడిచేసి నీళ్ళలో కూర్చుంది.

"ఇప్పుడేమైందమ్మా? బరువున్నామె దిగిపోయిందిగా?" అవతల గట్టు మీంచి బొజ్జాయన అరిచాడు.

గైడమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి ముసలమ్మని చూసింది. అది గడ్డి మేస్తోంది. వీపున ఇంకో మనిషి ఉన్నట్టే దానికి తెలీలేదు. అడుగు తేడా రాలేదు, ఊపిరి తేడా రాలేదు. ఆరేళ్ళుగా మోస్తున్న బరువే మోస్తున్నాననుకుంటోంది.

అంటే ఇంతా నాదేనా, అనుకుంది గైడమ్మ.

ఆవిడ మళ్ళీ గుర్రమెక్కలేదు. తుర్రుని లేపి, కళ్ళెం పట్టుకుని నడిచే వాగు దాటింది. ఇసకలోకి పాదాలు దిగిపోతున్నాయి. ఒక్కో కాలూ పీక్కుని వెయ్యాల్సొచ్చింది. గట్టెక్కేసరికి ముసలివాళ్ళలా రొప్పుతోంది.

జలపాతం దగ్గర ఓడవాళ్ళు ఎప్పట్లాగే ఒకళ్ళనొకళ్ళు నెట్టుకుంటూ ఫొటోలు దిగారు. బొజ్జాయన చొక్కా విప్పేసి కొలనులో దూకితే సగం నీళ్ళు బయటికొచ్చాయని నవ్వారు. గైడమ్మ, లాండ్రీ ఆమె ఒక బండ మీద కూర్చున్నారు. తుంపర్లు మొహం మీద పడుతున్నాయి.

"నీకెవరక్కా?"

"మా ఆయన."

"చూశావా?"

"చూశాను. గుర్రాలకి నీళ్ళు పెట్టాక చూశాను. చూస్తే తగ్గుతుందనుకోకు. చూసినా అంతే."

"మరేం చేశావు?"

"నేనేం చేశాను. తీసుకెళ్ళి ఈ నోరులేని దాని నెత్తిన పెట్టాను. పాపం దాని నడుం కాస్తా పోయింది. రేపు లారీ ఎక్కిస్తారు."

లాండ్రీ ఆమె లేచి నీళ్ళ అంచు దాకా వెళ్ళింది. పాపని పేరు పెట్టి పిలిచింది. గొంతు చించుకుని పిలిచినట్టు ఆమె మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. ఆ హోరులో గైడమ్మకి కూడా వినబడలేదు. మూడుసార్లు పిలిచింది. తర్వాత, కూతురు అన్నానికి రాకపోతే తల్లులు చూస్తారే, అట్లా కాసేపు చూసి వెనక్కొచ్చింది.

"నేనూ నడుస్తానక్కా," అంది.

ఆరేళ్ళలో మొదటిసారి ముసలమ్మ ఖాళీ జీనుతో తిరిగొచ్చింది. దాని ముందు ఇద్దరాడవాళ్ళు మోకాళ్ళ లోతు బురదలో కాళ్ళీడ్చుకుంటూ నడిచారు. ఒకసారి ఆమె జారితే గైడమ్మ పట్టుకుంది, ఇంకోసారి గైడమ్మ జారితే ఆమె పట్టుకుంది.

చేరేసరికి మూడూ ఇరవై. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. అందరూ ఎక్కారు. లాండ్రీ ఆమె మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి దిగింది.

"నా ఫారం ఇవ్వక్కా."

"ఓడెళ్ళిపోద్ది తల్లీ."

"ఇవ్వు."

గైడమ్మ కట్టలోంచి వెతికిచ్చింది. ఆమె గోడకానించి, ఎవరూ లేరు అన్నది కొట్టేసింది. కింద, నా కూతురు, అని రాసింది. రాసి అక్షరాల మీద వేలు పెట్టుకుని చదువుకుంది. తర్వాత పెన్ను గైడమ్మ చేతిలో పెట్టేసి వ్యానెక్కింది. బొజ్జాయన జరిగి కిటికీ పక్క చోటిచ్చాడు. ఆ రోజు మొత్తం మీద ఆయన జోకు వెయ్యకుండా ఉన్నది అప్పుడే.

వ్యాన్ వెళ్ళిపోయింది. గైడమ్మ జీన్లు విప్పి, గుర్రాలకి నీళ్ళు పెట్టింది. ఆ తర్వాత కట్టలోంచి ఒక ఖాళీ ఫారం తీసుకుని మేత బస్తా మీద కూర్చుంది. గైడుకి ఫారం ఉండదు. చదువు కూడా అంతంతమాత్రం. మొదటి మూడు గడులూ నిమిషంలో అయిపోయాయి. నాలుగో దానికి మాత్రం చీకటి పడేదాకా పట్టింది.

పొద్దున్నే లారీ వచ్చింది. మరిది ముసలమ్మని బయటికి తెచ్చి ఆఖరిసారి వీపు మీద చెయ్యేశాడు. మళ్ళీ వేశాడు. జీను తెచ్చి పెట్టి, కింద చెయ్యి దూర్చబోయాడు. దూరలేదు. వీపు బల్లలా ఉంది.

"ఎక్కించాలా వద్దా?" లారీ డ్రైవరు ఆవలించాడు.

"వద్దు. ఇంకో పదేళ్ళు పనికొస్తుంది."

లారీ ఖాళీగా పోయింది. మరిది నేల మీదకి చూశాడు. ఇంటి గడప నుంచి లాయం దాకా వదిన పాదాల గుర్తులున్నాయి. చీలమండల లోతున. గట్టి నేలే అది, వాన కూడా పళ్ళేదు.

"వదినా," అన్నాడు. "ఇంత బరువు ఎట్లా మోస్తావు?"

"ఎందుకు మొయ్యలేను? కాళ్ళున్నాయిగా. తప్పుకో, గుర్రాలకి నీళ్ళు పెట్టాలి."

ఆ తర్వాత ఓడ వచ్చిన ప్రతిసారీ గైడమ్మ నడిచే వెళ్ళేది. పక్కన ఖాళీ జీనుతో ముసలమ్మ. ఇంతకుముందు కంటే మెల్లగా నడవాలి కాబట్టి వ్యాన్‌ని అరగంట ముందే రమ్మన్నారు. వెనకబడ్డవాళ్ళకి దారి తప్పే భయం పోయింది. రాతి మీదా బురదలోనూ ఒకేలా దిగబడిన ఆ అడుగులు పట్టుకుని వచ్చేస్తే చాలు. వాటిలో నీళ్ళూరి ఉంటాయి. ఎండకి అలిసిన గుర్రాలు ఆగి, తలొంచి, అవే తాగుతాయి.