బావి మీది అరుగు

అడవుల నడుమ ఉన్న ఇచ్చోడ చలి గురించి కరీంనగరం వైపు వాళ్లకు చెబితే నమ్మరు. సిద్దిరాములూ నమ్మలేదు. అన్నదమ్ములు నేసిన చీరలు తెచ్చి అమ్ముకుందామని వచ్చి, సడక్ పక్కన దుకాణం దొరికిందని సంబరపడ్డాడు. పుష్యమాసంలో ఇక్కడ బిందెలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయని, పొద్దెక్కేదాకా టేకాకుల మీంచి మంచు చినుకుల్లా కారుతుందని చెబితే కొట్టిపారేశాడు.

ఇల్లు మాత్రం చవగ్గా వచ్చింది. ఎందుకంత చవకో వాకిట్లో అడుగుపెట్టగానే తెలుస్తుంది. వాకిలి నడుమ ఎండిపోయిన పాత చేదబావి ఒకటి ఉంది. దాని మీద తుమ్మకంప, కంప మీద రెండు బండలు. ఇల్లు అమ్మినవాడు దాన్ని చూపించి నవ్వేశాడు, సిద్దిరాములూ నవ్వేశాడు. బేరం కుదిరిన సంతోషంలో మనిషికి ఏది చూసినా నవ్వే వస్తుంది.

నవ్వనిది అతని భార్య కమలవ్వ ఒక్కతే. ఆమె ఆ బావి పక్కనుంచి నడవాలంటే గోడకు ఒత్తుకుని పోయేది.

మొదటి చలికాలమే ఆమెను పట్టుకుంది. ఇంట్లో మట్టినేల ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. దగ్గు మొదలైతే పచ్చికర్రను రంపంతో కోస్తున్నట్టు ఆగి ఆగి, లోపల్నుంచి చీల్చుకుంటూ వచ్చేది. కడుపులో ఉన్న నలుసు ఆ దగ్గుకే పోయింది. హకీం సాబ్ చెయ్యి పట్టుకుని చూసి, ఆమెను లోపలికి పంపించాక సిద్దిరాములుతో చెప్పాడు.

"ఇంకొక్క చలికాలం గీ తడినేల మీద కూసుంటె ఈమె బతుకదు. నేల విడిచి పైన ఉండాలె. పొద్దుగాల ఎండ తగలాలె. మందు గంతే."

సిద్దిరాములు చెడ్డవాడు కాడు. ఆ మాట విన్నరోజు దుకాణం తెరవలేదు. భార్య అంటే అతనికి ప్రాణం. అయితే నలుగురూ తనను సేటూ అని పిలవడమన్నా ప్రాణమే, అక్కడే వచ్చింది చిక్కు.

మళ్లీ చలికాలం రాకముందే కమలవ్వకు మళ్లీ నెల తప్పింది. వాకిట్లో నడుమెత్తున చెక్క అరుగు కట్టించాలని అతను నిశ్చయించుకున్నాడు. ఊరి చివర అడవి అధికార్లు దిగే బంగళాకు తెరల గుడ్డ ఇవ్వడానికి పోయినప్పుడు చూశాడు అలాంటిది. టేకు బల్లల అరుగు, చుట్టూ చెక్కిన కర్రల కటాంజనం, దానికి ఆనుకుని ఎండలో చాయ్ తాగుతున్న దొర. ఆ బొమ్మ అతని కళ్లల్లోంచి పోలేదు. పొద్దుటి ఎండ ముందుగా పడేది వాకిలి నడుమనే. అంటే బావి మీదనే.

ఊరి వడ్రంగి వడ్ల దశరథం వచ్చి జాగా చూసి, పొయ్యిలోంచి బొగ్గు అడిగి గోడ మీద లెక్క గీశాడు. అణాలు పోయి నయా పైసలు వచ్చి రెండేళ్లయినా అతని లెక్క ఇంకా అణాల్లోనే నడుస్తుంది. గుంజలకింత, బల్లలకింత, మేకులకింత, కూలికింత, కటాంజనానికింత. చివర, బావి పూడ్చడానికి మట్టి బండ్లకు, రాళ్లకు ఇంత. అన్నీ కలిపితే సిద్దిరాములు పెట్టెలో ఉన్నదాన్ని దాటిపోయింది. దుకాణం సరుకు డబ్బు ముట్టుకుంటే పెళ్లిళ్ల బేరం పోతుంది. ఏదో ఒకటి తగ్గాలి. కటాంజనానికి ఎంతవుతుందో బావికీ ఇంచుమించు అంతే.

"కటాంజనం ఇడువు సేటూ, దానితోని పనేమున్నది?" అన్నాడు దశరథం.

"రేపు చంటిపిల్ల తిరిగే ఇల్లు. పడితె ఎట్ల?"

"మరి బాయి?"

సిద్దిరాములు గోడ మీది లెక్క దగ్గరికి నడిచాడు. కటాంజనం నలుగురికీ కనబడేది. బావిలో పోసిన మట్టి ఎవరికి కనబడుతుంది? "పెండ్లిళ్ల బేరం కానీ. తర్వాత కింది నుంచి పూడిపిస్త," అని బొటనవేలితో చివరి గీత తుడిచేశాడు. గోడ మీద నల్లటి మరక మిగిలింది.

"నాదేమున్నది, బల్లలు కొట్టుడే నా పని," అన్నాడు దశరథం. అతనికీ పని కావాలి.

బతుకమ్మకు తల్లిగారింటికి పెద్దపల్లి పోతూ, బస్సు ఎక్కేముందు కమలవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "గా బాయి పూడ్చినంకనే నేను ఎక్కుత. లేకుంటె సచ్చినా ఎక్క. నాకు బయ్యమైతది."

"పూడిపిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆమె తిరిగి వచ్చేసరికి అరుగు సిద్ధంగా ఉంది. కటాంజనానికి నూనె రాసి నిగనిగలాడించారు. కింద ఏముందో కనబడకుండా చుట్టూ బల్లలు కొట్టేశారు. తోడు వచ్చిన తల్లి రామవ్వ బుగ్గలు నొక్కుకుంది. కమలవ్వ మెట్ల దగ్గర ఆగి, భర్త మొహంలోకి చూసింది.

"పూడ్చినవా?"

"పూడ్చిన."

అంతే. అంత తేలిగ్గా వచ్చిందా మాట. ఆమె మొహం విప్పారింది, అరుగెక్కింది. ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూడలేక సిద్దిరాములు చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు.

ఆ రోజు నుంచి అతనికి స్థిమితం లేదు. దుకాణంలో గుడ్డ కొలుస్తుంటే మూర లెక్క తప్పేది. "నడుమ కూసోకు, గోడ దిక్కు కూసో, ఎండ మంచిగుంటది," అని రోజూ చెప్పేవాడు. "ఎండ నడుమనే ఉన్నది గదా," అనేది ఆమె. నిజమే, నడుమనే ఉంది.

దగ్గు రాలేదు. మార్గశిరం వచ్చి చలి ముదిరినా రాలేదు. ఆమె బుగ్గల్లోకి రంగు వచ్చింది. హకీం సాబ్ చూసి మెచ్చుకున్నాడు. ఇంత మేలు జరుగుతుంటే ఇప్పుడు నిజం చెప్పి చెడగొట్టడం ఎందుకని సిద్దిరాములు తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. పెళ్లిళ్ల బేరం బాగా సాగింది, డబ్బు వచ్చింది. వచ్చిన డబ్బు కొత్త సరుకుకు పోయింది. పూడిక వచ్చే నెలకు పోయింది.

కానీ అరుగు ఊరుకోలేదు. దశరథం వాడింది పచ్చి టేకు. అది ఆరేకొద్దీ బల్లలు కుంచించుకుని, సందులు వేలు దూరేంత అయ్యాయి. ఒకనాడు తెల్లవారుజామున సిద్దిరాములు మంచులో నిలబడి చూస్తే బయటి మూల గుంజ కాస్త దిగినట్టు కనిపించింది. వంగి చెవి పెట్టాడు. కింద ఎక్కడో మట్టి జరజర రాలుతోంది. కాసేపు ఆగుతుంది, మళ్లీ రాలుతుంది. తుమ్మకంప ఎప్పుడో చివికిపోయింది. బండలు ఉన్నాయో లోపలికి జారాయో ఆ చీకట్లో కనబడలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఇరవయ్యొకటో రోజున తొట్టెల, బిడ్డను ఉయ్యాల్లో వేసే పండుగ. పుష్యమాసపు పొద్దు ఆలస్యంగా లేచింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. వెచ్చదనం కోసం, కొత్త అరుగు ముచ్చట కోసం అందరూ పైకే ఎక్కారు. ఆ రోజుకని అరుగు మీద వేసిన పందిరి వాసానికి తొట్టెల కట్టింది సరిగ్గా నడుమ. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే కింద నిలబడ్డ సిద్దిరాములుకు ఒక్కొక్కరూ తన గుండె మీద కాలు పెట్టినట్టే ఉంది.

"లోపట కూసోండ్రి, జర చలి ఉన్నది," అన్నాడు.

"చలికేనాయె అల్లుడు గింత ముచ్చటగ కట్టిచ్చింది!" అంది రామవ్వ. అందరూ నవ్వారు.

మళ్లీ మట్టి రాలిన చప్పుడు. ఆడవాళ్లు పాడుతున్న తొట్టెల పాటలో ఎవరికీ వినబడలేదు, అతనికి వినబడింది. దిగండి, కింద బావి ఉంది అని అరవాలి. నోరు తెరిచాడు. ఇంతమంది ముందు, భార్య ముందు, పూడ్చలేదన్న ఆ ఒక్క మాట నాలుక దాటి రాలేదు. అప్పుడైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

రామవ్వ పాత సిక్కా వెండి రూపాయి తీసి మనుమరాలి పిడికిట్లో పెట్టింది. పసిపిడికిలి విచ్చుకుంది. రూపాయి జారి బల్లల మీద పడి, మూలకు వాలిన అరుగు మీద కాస్త దొర్లి నడిమి సందులో పడింది.

ఠింగుమంది. నేల మీద పడ్డ చప్పుడు కాదది. మళ్లీ ఠింగుమంది, ఇంకాస్త కిందినుంచి. రాతి వరసలకు తగులుతూ, సన్నబడుతూ, కిందికి, ఇంకా కిందికి పోయింది. పాట ఆగిపోయింది. ఆఖరి చప్పుడు ఎంతో లోతునుంచి వచ్చింది.

కమలవ్వ మెల్లగా తలెత్తి భర్తను చూసింది.

"పూడ్చిన అంటివి."

ఆడవాళ్లు ఒక్కసారిగా లేచి మెట్ల వైపు తోసుకున్నారు. బయటి గుంజ కిర్రుమని ఒరిగింది. బిడ్డను ఎత్తుకుని కమలవ్వ నడుమనే మిగిలిపోయింది. సిద్దిరాములు ఒక్క ఉదుటున మెట్ల మీదికి వచ్చాడు.

"నువ్వు ఎక్కకు," అంది ఆమె. "బరువైతది."

అతను దిగి కటాంజనం పక్కకు పరుగెత్తి రెండు చేతులూ చాచాడు. పక్కింటి కిష్టవ్వ కూడా చేతులు చాచింది. కమలవ్వ పాదం పాదం జరుపుకుంటూ అంచుకు వచ్చింది. అతని చేతుల మీదుగానే వంగి, బిడ్డను కిష్టవ్వ చేతుల్లో పెట్టింది. తర్వాత కటాంజనం పట్టుకుని మెట్ల దాకా నడిచి దిగింది. ఆమె కాలు నేల తాకిన కాసేపటికి నడిమి బల్లలు రెండు ఫెళ్లున విరిగి లోపలికి పోయాయి.

"చూసినవా, కటాంజనం ఉండబట్టి..." అనేశాడు సిద్దిరాములు. ఆ మాట అన్నందుకు తర్వాత బతికినన్నాళ్లూ సిగ్గుపడ్డాడు.

ఆ మధ్యాహ్నమే మట్టి బండ్లు మాట్లాడాడు. కూలివాళ్లతో పాటు తనూ తట్టలు మోశాడు. బిడ్డను లోపల తల్లికి అప్పగించి కమలవ్వ వాకిట్లో తడినేల మీద కూర్చుంది. మంచం వేస్తే కూర్చోలేదు, చాప వేస్తే పక్కకు నెట్టింది. ప్రతి తట్టా లోపల పడేది కళ్లారా చూస్తూ కూర్చుంది. తెల్లారి మంచులో వచ్చి కూర్చునేది, బిడ్డకు పాలివ్వడానికి తప్ప పొద్దుగూకేదాకా లేచేది కాదు.

"లోపటికి పో. నీ కాళ్లు మొక్కుత," అన్నాడతను.

"నిండనీ."

వారానికి బావి నిండింది. దిమ్మిస కొట్టించాడు. దశరథం తలెత్తకుండా వచ్చి, గుంజలు మళ్లీ పాతి, కూలి అడగకుండానే బల్లలు బిగించాడు. సిద్దిరాములు పైకెక్కి నడుమ నిలబడి, కాలితో గట్టిగా తన్ని చూపించాడు.

"ఇగ రా. ఎక్కు. ఇప్పుడేం భయం లేదు."

"ఎవరు చెప్పిండ్రు?"

"నేనే చెప్తున్న."

కమలవ్వ అతనికేసి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే అతనికి ఎంతో బాగుండేది. గొంగడి భుజాల చుట్టూ లాక్కుని ఆమె ఆ తడినేల మీదే ఉండిపోయింది.

అప్పుడు దగ్గింది. ఒకసారి, ఆగి మళ్లీ ఒకసారి. పచ్చికర్రను కోస్తున్నట్టున్న ఆ పాత దగ్గే. ఎండ పడుతున్న అరుగు మీద సిద్దిరాములు కటాంజనం గట్టిగా పట్టుకుని నిలబడి దాన్ని వింటున్నాడు.