జారుడు గుడ్డ

మా కుట్టు ఫ్యాక్టరీలో కత్తిరించిన కాలర్లను కట్టలు కట్టి పొద్దున్నే ఓ పెద్ద బుట్టలో పోస్తారు. ఎవరికి వాళ్ళు మొహం గోడవైపు తిప్పుకుని, చెయ్యి పెట్టి, తగిలిన కట్ట తీసుకోవాలి. రాసి పెట్టిన రూలు కాదది, పాతవాళ్ళు పెట్టుకున్న మర్యాద. నూలు గుడ్డ తగిలితే గంటలో కట్ట ఐపోతుంది. జారుడు గుడ్డ తగిలిందా, పాముపిల్లకు చొక్కా కుట్టినట్టే, రెండు గంటలు. ఇవాళ నీకు, రేపు నాకు. ఏడుపైనా అందరం సమంగానే ఏడ్చేవాళ్ళం.

కొత్త మేనేజరు వచ్చి గోడకు బోర్డు కొట్టించాడు. నెలకు ఎవరెన్ని కట్టలు కుట్టారో ఆ వరసన పేర్లు, వారం వారం మార్చి రాస్తారు. నెలాఖరుకు పైన ఉన్నవాళ్ళకు చప్పట్లు, అట్టడుగున ఉన్న ఒక్కరికి ఉద్వాసన. గుడ్డ ఏదైనా కట్ట కట్టేనన్నాడు.

మొదటి నెల పైకెక్కినవాడు మీగడ. క్యాంటీను పాలలో మీగడ ఎప్పుడూ వాడి గ్లాసులోకే జారేది, అందుకని ఆ పేరు. అందరికన్నా ముందొచ్చి నూలు కట్టలన్నీ ఏరుకునేవాడు. అడుగున పడ్డ ఒకావిడ టిఫిను డబ్బా సర్దుకుని వెళ్ళిపోయింది.

"ఏరా, నీ చేతికి కళ్ళు మొలిచాయా?" అని అడిగాడు బాబాయ్. మాలో అందరికన్నా పెద్దాయన. నాకూ, మా వదినకూ కాలరు మొనను ముక్కులా తిప్పడం నేర్పింది ఆయనే.

"ముందొచ్చినోడిదే బుట్ట బాబాయ్. నిన్ను రావద్దన్నానా?"

మేనేజరుకు చెబితే, "వాడిలో చొరవ ఉంది, చూసి నేర్చుకోండి" అన్నాడు.

రెండో నెల మొదటి వారానికే బోర్డు చివర మా వదిన పేరు పడింది. అన్నయ్య నడుం దెబ్బతిని మంచం పట్టాక వాళ్ళ ఇల్లు ఆమె సూది మీదే నిలబడింది. ఆ సూది పట్టే మణికట్టేమో వాచి ఉంది. మర్నాటి నుంచి మీగడ కన్నా ముందొచ్చి నూలు కట్టలు ఏరి, సగం వదిన బల్ల కింద పెట్టాను.

"ఎక్కడివే ఇన్ని నూలువి?"

"అదృష్టం వదినా."

"మన ఇంటి గడప అది ఎప్పుడు తొక్కిందే?" అని నవ్వి, కుట్టడం మొదలెట్టింది.

నేనూ మీగడా ఏరుకోగా మిగిలేది జారుడే. అది ఎవరికి పోతుందో ఆలోచించలేదు. అబద్ధమెందుకు, ఆలోచించి మానేశాను. బాబాయ్ ఎప్పటి వేళకే వచ్చేవాడు, మొహం గోడకు తిప్పి చెయ్యి పెట్టేవాడు. నెలంతా ఆయనకు జారుడే.

నెలాఖరున బోర్డు చివర పేరు ఆయనది. కత్తెర గుడ్డలో చుట్టుకుంటూ నాతో అన్నాడు: "ముప్పై ఏళ్ళలో నా చేతికి ఇంత దరిద్రం ఎన్నడూ పట్టలేదమ్మాయ్. దీనికి వయసైపోయినట్టుంది."

ఆ గుడ్డకు ముడి నేనే వేసిచ్చాను.

పై వరసలో నా పేరు మీగడను దాటింది. మేనేజరు పిలిచి, నాలో నాయకత్వం ఉందని, నన్ను సూపర్‌వైజరును చేశాడు. బోర్డు రాసే పనీ నాకే ఇచ్చాడు.

"నేను నా ఒక్కడికే ఏరుకున్నానక్కా," అన్నాడు మీగడ. "నువ్వు ఇద్దరికి ఏరావు. కుర్చీ నీకే తగును."

బుట్ట మీద గుడ్డ కప్పిద్దాం సార్ అని మేనేజరును అడిగాను. "నిన్ను పైకి తెచ్చిన నిచ్చెననే తీసేస్తావా?" అన్నాడాయన. మళ్ళీ అడగలేదు. ఆ కుర్చీకి మెత్త కూడా ఉంది.

బాబాయ్ బల్ల సొరుగు సర్దింది మా వదిన. చివరి నెల ఆయన కుట్టిన కట్టల చీటీలు, గుడ్డ రకం రాసినవి, అందులో ఉన్నాయి, ఒక్కదాని మీదా నూలన్న మాట లేదు. నేను ఆ పొద్దున తనకోసం తీసిపెట్టిన నూలు కట్టను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏరినవి నాకొద్దు."

"పిల్లలున్నారు వదినా."

"ఆయనకు లేరా?"

బుట్ట దగ్గరికి వెళ్ళి, మొహం గోడకు తిప్పి చెయ్యి పెట్టింది. జారుడే వచ్చింది. మీగడ వచ్చిపోయాక ఇంకేం ఉంటుంది? ఆ నెలంతా అదే బుట్ట, అదే గోడ. నాతో పని మాటే తప్ప మరో మాట లేదు.

నెలాఖరు సాయంత్రం సుద్దముక్క పట్టుకుని పైనుంచి పేర్లు రాసుకుంటూ వచ్చాను. చివరి గీత మీద చెయ్యి ఆగింది. వెనక వదిన మిషను ఆగకుండా నడుస్తోంది. ఆఖరి కాలరుకు బాబాయ్ నేర్పినట్టే ముక్కు తిప్పుతోంది.

రాశాను.

"దస్తూరి బాగుందే," అన్నాడు వెనకనుంచి మేనేజరు. "గుండ్రంగా ఉంది."