గాలక్క నోటుపుస్తకం

ఈ విమానాశ్రయానికీ ఆ విమానాశ్రయానికీ మధ్య పదిహేడు వందల కిలోమీటర్లని కంప్యూటర్ చిటికెలో చెబుతుంది. ఎంతసేపట్లో చేరతామన్నది మాత్రం గాలక్కనే అడగాలి.

విమానాలకు దారులు నిర్ణయించే ఆ కిటికీల్లేని గదిలో ఆవిడ పాతికేళ్లుగా పనిచేస్తోంది. దిగిన ప్రతి పైలట్‌కూ ఫోన్ చేస్తుంది. పైన గాలి ఎటునుంచి, ఎంత జోరుగా తగిలిందో ఆరా తీసి నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. కొత్త మేనేజర్‌కు ఇదంతా చాదస్తంగా కనబడింది. ఒకరోజు పొద్దున ఆవిడను పిలిచి, లెక్కలన్నీ కంప్యూటరే ఇస్తుంటే ఈ ముచ్చట్లెందుకని, రేపో మాపో కాదు, ఇవాళే మానేయమన్నాడు. ఆవిడ సరేనంది. అప్పటికే పొద్దుటి ఫోన్లు అయిపోయాయి మరి.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఇక్కడ చనిపోయిన ఒకాయన గుండెను పదిహేడు వందల కిలోమీటర్ల అవతలున్న ఒక బడి పంతులమ్మకు అమర్చాలి. తీసిన గుండె ఎక్కువసేపు నిలవదు. రోడ్డు మీద పట్టే సమయం పోగా, గాల్లో రెండున్నర గంటలకు మించకూడదు. తిన్నని దారిలో ఎదురుగాలి ఉందని, రెండు గంటల నలభై నిమిషాలు పడుతుందని కంప్యూటర్ తేల్చేసింది. మేనేజర్ మళ్లీ లెక్క వేయించినా అదే జవాబు.

గాలక్క తాపీగా పుస్తకం తిరగేసింది. పొద్దున దక్షిణం మీదుగా వచ్చిన పైలట్, అక్కడ గాలి లేనట్టే ఉందన్నాడు. కంప్యూటర్ దగ్గరున్నవి నిన్నటి అంచనాలు.

"దక్షిణంగా తిప్పండి సార్. దూరం నూటయాభై కిలోమీటర్లు పెరుగుతుంది, కానీ పావుగంట కలిసొస్తుంది."

"మీ లెక్క తప్పితే?"

"ఆ పంతులమ్మ దక్కదు. అందుకే రెండుసార్లు చూశాను."

ఆ మాటలో బెరుకు లేదు, బడాయీ లేదు. గుండెను తీసుకెళ్లే పైలట్ కూడా ఆ దారికే ఒప్పుకున్నాడు. మేనేజర్ సంతకం పెట్టాడు.

ఆ తర్వాత అతను తెర ముందునుంచి కదిలితే ఒట్టు. గాలక్క మాత్రం మిగతా విమానాల పని చూసుకుంటూనే, పది నిమిషాలకోసారి ఈ విమానం ఎక్కడుందో చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. ఇలాంటి మనిషి పనినా తాను పొద్దున చాదస్తమన్నదని మేనేజర్‌కు సిగ్గేసింది.

రెండు గంటల ఇరవై రెండు నిమిషాలకు విమానం దిగింది. సాయంత్రానికి ఆసుపత్రి వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. పంతులమ్మ ఒంట్లో ఆ గుండె కొట్టుకుంటోందట.

గాలక్క అలవాటుగా ఫోన్ అందుకోబోయి, పొద్దుటి మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. మేనేజరే ఆ పైలట్‌కు ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చాడు. నోటుపుస్తకాన్ని, పెన్సిల్‌ని తన ముందుకు లాక్కున్నాడు.

"మీరు అడగండి అక్కా. నేను రాస్తాను."