చిలక అడిగిన మాట

గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటాక, కాశీబుగ్గలో పశువుల డాక్టరు బల్ల మీద దుర్గ పెంచుకున్న చిలక చనిపోయింది. డాక్టరు మందు చుక్కలు వేస్తుండగా మెడ వాల్చేసింది.

"నాలిక, గొంతు కాలిపోయాయి. కాలికి ఏం రాశారు?"

దుర్గ మొగుడు ఢిల్లీబాబు ఆమె చెయ్యి పట్టుకుని చూపించాడు. "జీడి పేక్టరీలో సేత్తాదండి. ఏళ్ళు సూడండి. ఈ సేతుల్తోనే ముట్టుకుంటాది."

"కడుక్కోవాలి కదమ్మా," అన్నాడు డాక్టరు.

దుర్గ చెయ్యి వెనక్కి లాక్కుంది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ వేళ్ళు నల్లబడ్డాయి. సబ్బుకు పోయే నలుపు కాదు. వాటిని చూసుకుంటే ఒక్క క్షణం తనకే అనుమానం వచ్చింది.

రాసింది అత్త సన్యాసమ్మ. ముందురోజు తలుపు సందులో పడి చిలక కాలు చిట్లింది. దుర్గ పనిలో ఉండగా అత్త ఆ కాలికి జీడితొక్క నూనె పూసింది. "నా మడాల పగుళ్ళకి రాసుకుంటన్నాను కాదేటి? మందే," అంది. చిలక ఆ కాలిని ముక్కుతో గీరుకుంది. తెల్లారేసరికి నోరు మూతపడటం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తానంటే అత్త అడ్డం నిలబడింది. "వండీసెల్లు. పిట్ట కోసం మేం పస్తుండాలేటి?" దుర్గ అన్నం వార్చింది, చేపలు తోమింది, పులుసు పెట్టింది. పొయ్యి పక్కన తువ్వాల్లో చిలక వణుకుతూనే ఉంది.

ఆ ఇంట్లో అందరినీ "తిన్నావేటి?" అని అడిగేది దుర్గే. విని విని చిలకకి ఆ మాట వచ్చింది. అందరూ తిని లేచాక ఆమె గిన్నె అడుగు గోక్కుంటుంటే, "తిన్నావేటి? తిన్నావేటి?" అని అరిచేది. పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు. "నేను కోడలికి కూడెట్టనట్టు ఊరందరికీ సాటింపేత్తంది," అనేది సన్యాసమ్మ. అత్త మాత్రం నవ్వేది కాదు.

తిరుగు ఆటోలో ఢిల్లీబాబు, "మొకం అలాగెట్టకు. మా అమ్మ పోయినా ఇంత ఏడవ్వు నువ్వు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి చిలక పంజరం కడిగి ఉంది. అందులో నాలుగు కోడిపిల్లలు నూకలు ఏరుకుంటున్నాయి. దుర్గ తువ్వాలు మూట దించలేదు.

"ఎప్పుడెట్టినావత్తా, ఇవి?"

"మీరు ఆస్పత్రికని ఆటో ఎక్కీగానే," అంది సన్యాసమ్మ.