ముడిసరుకు సరఫరాదారులు

ఒప్పందం ఏడు పేజీలుంది. విశాఖపట్నంలోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో, ప్రొఫెసర్ వరహాలరావు ఎదుట కూర్చుని కృపావతి దాన్ని పైకి చదువుతోంది. పక్కన ఆమె మేనత్త సోములమ్మ. అరకు దగ్గర పన్నెండు ఊళ్ళ ఆడవాళ్ళు నిమ్మగడ్డి నూనె తీసి అమ్మే సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఆ సంఘంలో కెమిస్ట్రీ చదివినది కృపావతి ఒక్కతే.

ఆ నూనె నుంచి సబ్బుల్లో వాడే సువాసన ద్రవ్యాన్ని తయారుచేసే యంత్రం వరహాలరావు దగ్గరుంది. పెద్ద పాత్రలో అన్నీ ఒకేసారి కలిపి ఉడికించే పని లేదు. రెండు పంపులు నూనెనీ, రసాయనాన్నీ సన్నటి వేడి గొట్టంలోకి నెడతాయి. పారుతూనే అవి కలిసి మారిపోతాయి. ఇటు పోస్తూ ఉంటే అటు సరుకు ఆగకుండా వస్తుంది. యంత్రమంతా కలిపి ఒక బల్ల మీద పట్టేస్తుంది.

"మన పేరు ఏటని రాసినారే?" అని అడిగింది సోములమ్మ.

"ముడిసరుకు సరఫరాదారులని అత్తా. మిషను ఇక్కడే ఉంటాది. మనం నూనె పంపాల."

సోములమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.

"అయితే సంతకం సెయ్యను. మా నూనె కొండ దిగి రావాల, మీ మిషను మాత్రం మా ఊరు రాదా?"

వరహాలరావు చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే నచ్చచెప్పబోయాడు. "వేడి, ఒత్తిడి ప్రతి నిమిషం చూసుకోవాలమ్మా. మంటంటుకునే ద్రావకాలు. మీవాళ్ళకి అలవాటు లేదు."

"నూనె తీసే బట్టీకాడ ఆవిరితో ఇరవయ్యేళ్ళుగా పని సేత్తన్నాం బాబూ. అది పుట్టుకతో వచ్చిందా? నేర్సుకున్నాం. ఇదీ పది రోజులు నేర్పండి. పదకొండో రోజు మీరు ముట్టుకోకండి. మేం నడిపితే మిషను మా ఊరు రావాల. నడపలేపోతే ఈ కాయితం మీదే సంతకం పెడతాను."

ఆయన ఒప్పుకున్నాడు. పది రోజులు మేనత్తా మేనకోడలూ యంత్రం ముందే గడిపారు. కృపావతి ప్రతి మీట పేరూ తెలుగులో రాసి అంటించింది.

పదకొండో రోజు ఐదు గంటలు సాఫీగా నడిచింది. ఆరో గంటలో ఒత్తిడి ముల్లు జరజరా పైకి లేచింది. గొట్టం పూడుకుంటోంది. వరహాలరావు కుర్చీలోంచి లేచాడు.

"కూకోండి బాబూ," అంది సోములమ్మ, వెనక్కి తిరక్కుండానే. "కృపా, నూనె పంపు ఆపు. వేడి తగ్గించు. ఒట్టి ద్రావకం వదిలి గొట్టం కడుగు."

కృపావతి ఒక్క మెట్టూ తప్పలేదు. కాసేపటికి ముల్లు దిగింది. సోములమ్మ నూనె డబ్బాని వెలుతురుకి వంచి చూసింది. అడుగున నల్లటి జిగురు.

"ఇది మా తప్పే. పాత నూనె మడ్డి కలిసిపోనాది. వడపోసుకోవాల్సింది," అంది దాచకుండా. వడపోసి మళ్ళీ మొదలుపెట్టారు.

సాయంత్రం వచ్చిన సరుకుని వరహాలరావు పరీక్షించి, ఫలితాల కాగితాన్ని సోములమ్మ ముందు పెట్టాడు. "నా విద్యార్థులు చేసినా ఇంత నాణ్యతే వస్తుంది," అన్నాడు.

"ఆ మాటే రాసియ్యండి."

రాసిచ్చాడు. విశ్వవిద్యాలయం పెద్దలు మాత్రం ఒక పట్టాన దిగిరాలేదు. చివరికి యంత్రాన్ని అరకు పంపడానికి ఒప్పుకున్నా, ఏడాది గడువు పెట్టారు. సరుకు నాణ్యత తగ్గితే యంత్రం వెనక్కి తీసుకుపోతామన్నారు. "రండి. మేం ఎక్కడికీ పోం," అంది సోములమ్మ. కొత్త కాగితంలో భాగస్వాములు అని ఉందో లేదో కృపావతి చేత రెండుసార్లు చదివించుకుని అప్పుడు సంతకం చేసింది.

యంత్రం అరకు చేరిన నాలుగో నెలలో, పని నేర్చుకోమని వరహాలరావు ఇద్దరు పరిశోధక విద్యార్థుల్ని పంపాడు. వాళ్ళు తిన్నగా పంపు దగ్గరికి వెళ్ళబోతే సోములమ్మ గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"రసాయనం సింది కంట్లో పడద్ది, ముందు కళ్ళద్దాలు పెట్టుకోండి. ఇక్కడ మేం సెప్పినట్టే సెయ్యాల."